వచ్చి తీసుకెళ్లండి అనే ముందు

పోయిన నెల ఈ శీర్షికలో, ఎండలు ముదిరాయి, గేటు బయట ఒక సిమెంటు తొట్టిలో నీళ్లు పెట్టండి అని రాశాను. తొట్టి సంగతి ఒక్కరూ ఎత్తలేదుగానీ ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి కుప్ప తేలాయి. వాటిలో సగానికి పైగా ఒకటే మాట: "మా వీధిలో కుక్క ఉంది, వచ్చి తీసుకెళ్లండి." కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతున్నాను, నేను డాక్టర్ని కాదు, లాయర్నీ కాదు. విజయవాడలో నున్న వైపు మామిడి తోటల పక్కన ఉన్న ఒక చిన్న షెల్టర్‌లో అన్నం వండి, కట్లు కట్టి, ఫోన్లు ఎత్తే మనిషిని. నాకు తెలిసినంతలో చెబుతాను.

ప్రశ్న: మా సందు మొదట్లో ఒక కుక్క మీదకి ఆటో ఎక్కేసిందండీ. వెనక కాలు వేలాడుతోంది. జంతువుల కోసం పనిచేసే ఒక సంస్థకి ఫోన్ చేస్తే ఖాళీ లేదు, మీరే ఆసుపత్రికి తీసుకెళ్లండి అన్నారు. మరి సంస్థ దేనికి? విరాళాలకేనా?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం

జవాబు: మీ కోపంలో తప్పు లేదమ్మా. ఆ ఫోన్ ఎత్తింది నేను కాకపోవచ్చు, కానీ అదే మాట నేనూ రోజుకి మూడు నాలుగు సార్లు అంటూనే ఉంటాను, అన్న ప్రతిసారీ అవతలివాళ్లు మీలాగే అడుగుతారు.

ఖాళీ లేదంటే ఏమిటో కాస్త చెప్పనివ్వండి. మా దగ్గర పొద్దున అయిదున్నరకి పొయ్యి వెలుగుతుంది. నూకలు, చికెన్ కొట్లవాళ్లు మాకోసం పక్కన పెట్టే కోడికాళ్లు, తలకాయలు, కాస్త పసుపు. ఉల్లిపాయ మాత్రం పొరపాటున కూడా పడనివ్వం, కుక్కలకి పడదు, రక్తం చెడుతుంది. తొమ్మిదింటికి గిన్నెలు కడగడం, పదింటికి పుండ్లకి కట్లు, ఈలోగా పక్షవాతం వచ్చినట్టు నడుం పడిపోయిన రెండు కుక్కలకి కింద గుడ్డలు మార్చడం. ఇదంతా ఇద్దరు పనివాళ్లు, వీలున్నప్పుడు వచ్చే నలుగురు పిల్లలు. నలభైకి కట్టిన చోట అరవై పైన ఉన్నాయి. అయినా ఇంకో కుక్కకి చోటు చేయలేమా అంటే, చోటు చేయొచ్చు. భయం చోటు గురించి కాదు, పార్వో అనే వైరస్ జబ్బు గురించి.

పోయిన వానాకాలం ఒక రాత్రి ఎవరో మామిడిపళ్ల అట్టపెట్టెలో అయిదు కుక్కపిల్లల్ని పెట్టి మా గేటు దగ్గర వదిలి వెళ్లారు. పెట్టె మీద "ప్లీజ్ సేవ్" అని స్కెచ్ పెన్‌తో రాసి పక్కన గుండె బొమ్మ కూడా వేశారు. జాలిపడి లోపలికి తెచ్చేశాం. తెల్లారేసరికి వాటిలో ఒకదానికి రక్తవిరేచనాలు, ఆ వాసన ఒక్కసారి చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు. వారం తిరిగేలోగా ఆ అయిదింటిలో నాలుగు, అంతకుముందే మా దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లల్లో ఏడు పోయాయి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మనం బాత్రూముల్లో పోసే ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. అందుకే కొత్తగా వచ్చినదాన్ని విడిగా ఉంచడానికి ఒక గది కట్టుకున్నాం. ఆ గది నిండితే మేం చెప్పేదే "ఖాళీ లేదు".

ఇక మీ కుక్క సంగతి. దెబ్బ తగిలిన కుక్క రోజూ అన్నం పెట్టే చేతిని కూడా కరుస్తుంది, అది పొగరు కాదు, నొప్పి. కాబట్టి ముందు మూతి కట్టాలి. పాత చున్నీ తీసుకుని మధ్యలో వదులుగా ఒక ముడి వేస్తే ఉచ్చులా వస్తుంది. వెనక నుంచి వెళ్లి దాన్ని మూతి మీదుగా వేసి పైన బిగించండి, రెండు కొసలూ గడ్డం కిందకి తెచ్చి ఒక ముడి, అక్కణ్ణుంచి చెవుల వెనక్కి తీసుకెళ్లి ఇంకో ముడి, లాగితే ఊడేలా. వాంతి చేసుకుంటుంటే, ఊపిరికి ఎగపోస్తుంటే మాత్రం కట్టొద్దు. తర్వాత గోనెసంచి పక్కనే పరిచి, నడుం కింద చేతులు పెట్టి ఎత్తకుండా, మెల్లగా సంచి మీదకి జరపండి. ఇద్దరు రెండు వైపులా పట్టుకుంటే అదే స్ట్రెచర్. ఆటో అతను సీటు పాడవుతుందంటాడు, అట్టముక్క వేస్తామని, ఇరవై ఎక్కువిస్తామని చెప్పండి, నా అనుభవంలో పదిమందిలో ముగ్గురు ఎక్కించుకుంటారు, ఆ ముగ్గురి కోసం నిలబడాలి అంతే. నొప్పికని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయకండి. కుక్కకే ప్రమాదం, పిల్లికైతే ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి.

1962 నంబరు గురించి చాలామంది అడిగారు. అది ప్రభుత్వ సంచార పశువైద్య వాహనం నంబరు, ముఖ్యంగా పాడి పశువుల కోసం, గొడ్డూగోదా కోసం పెట్టింది. రోడ్డు మీద ఆవుకి దెబ్బ తగిలితే ముందు దానికే చేయండి. వీధి కుక్క కోసం అయితే దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకుండా దగ్గరున్న పశువుల ఆసుపత్రికి బయల్దేరండి. పెద్ద కేసులు మేం గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకి తీసుకెళ్తాం.

మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. "ఖాళీ లేదు" అని ఫోన్ పెట్టేయడం తప్పే. మీరు డాక్టర్ దగ్గరికి చేర్చండి, బిల్లులో సగం మేం చూసుకుంటాం, కట్టు కట్టాక పది రోజులు మీ మెట్ల కింద ఉంచితే మందులు, కట్టు మార్చే మనిషిని మేం పంపిస్తాం, అనాలి మేం. ఈ ఏడాది అలాగే అంటున్నాం. ఒప్పుకునేవాళ్లు తక్కువే, కానీ ఒప్పుకున్న ఇళ్లలో చాలావాటిల్లో ఆ కుక్క మెట్ల కిందే ఉండిపోయింది.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మునిసిపాలిటీవాళ్లు కుక్కల్ని పట్టుకెళ్లి ఆపరేషన్ చేసి, మళ్లీ తెచ్చి మా లైన్లోనే వదిలారు. ఊరవతల ఎక్కడైనా వదలొచ్చుగా? ఈ తెలివి ఎవరిది?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, ఈ తెలివి చట్టానిది. జంతు జనన నియంత్రణ నియమాలు 2001లో వచ్చాయి, వాటి స్థానంలో 2023లో కొత్తవి తెచ్చారు. రెండింటిలోనూ మాట ఒకటే: పట్టుకున్న చోటు రాసిపెట్టుకోవాలి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, కోలుకున్నాక అదే చోట వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, రేబిస్ ఉన్నవాటిని, ఉందని అనుమానం ఉన్నవాటిని, మనుషుల మీద పడేవాటిని మాత్రం వదలొద్దంది. అదే ఏడాది నవంబరు 7న, బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టుకున్నవాటిని తిరిగి అక్కడే వదలొద్దని ఇంకో ఆదేశం ఇచ్చింది. మీ లైన్లో బడి ఉంటే ఆ లెక్క వేరు.

చట్టం సరే, దాని వెనక మతలబు ఏమిటంటే, మీ లైన్లో చికెన్ పకోడీ బండి ఉందనుకోండి, మూలన చెత్త డబ్బా ఉందనుకోండి. అంటే ఆరు కుక్కలకి తిండి ఉంది. ఈ ఆరింటినీ నల్లపాడు అవతల వదిలేస్తే ఆ తిండి ఎక్కడికీ పోదు, పక్క లైన్ల నుంచి వేరే ఆరు వస్తాయి. వాటికి ఆపరేషన్ ఉండదు, టీకా ఉండదు, మీరెవరో తెలియదు. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, అరవై మూడు రోజులకి అటూ ఇటూగా ఈనుతుంది, ఈతకి నాలుగో అయిదో ఆరో పిల్లలు. లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. వీధుల్లో కాట్లు ఎక్కువగా కనిపించేది కూడా ఎదకాలంలో కొట్టుకునే మగవాటి నుంచి, పిల్లలున్న తల్లి నుంచి. ఆపరేషన్ అయితే ఈ రెండు గొడవలూ తగ్గుతాయి.

ఒక పని చేయండి, పొద్దున వాకింగ్‌కి వెళ్లేటప్పుడు వాటి చెవులు చూడండి. ఆపరేషన్ అయినదానికి చెవి కొస చిన్నగా కత్తిరించి ఉంటుంది. చెవి కత్తిరించనివి మీ లైన్లో ఎన్ని ఉన్నాయో రాసి, ఫొటోలతో నగరపాలక సంస్థకి ఇవ్వండి. "కుక్కల బెడద" అని రాసిన అర్జీకంటే "ఫలానా లైన్లో నాలుగు ఆడవి, రెండు మగవి, ఆపరేషన్ కాలేదు" అని రాసిన అర్జీకి కుక్కల బండి త్వరగా వస్తుంది. అరవై మంది పిల్లలకి అటెండెన్స్ వేసినవారు, మీకిదెంత.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ సెకండియర్. హాస్టల్ దగ్గర రోజూ బిస్కెట్లు వేసే కుక్కపిల్ల మొన్న ఆడుతూ చెయ్యి గీరింది, కొంచెం రక్తం వచ్చింది. పిల్లే కదా అని ఊరుకున్నా. ఇంట్లో చెబితే అమ్మ టెన్షన్ పడుతుంది. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేస్తారంటగా?
– పటమట

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరానికి పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగకూడదని నీ నంబరుకి అప్పుడే ఫోన్ చేశాను, నువ్వు వెళ్లావు కూడా. మిగతావాళ్ల కోసం రాస్తున్నా.

కుక్కపిల్లైనా, పెంపుడుదైనా, రక్తం వచ్చిందంటే లెక్కే. వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని పదిహేను, మనకి రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తుంది. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఏదీ అద్దకూడదు. అదే రోజు ఆసుపత్రి. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు మా నాన్నగారి కాలం మాట, ఇప్పుడు భుజానికే. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజుని సున్నాగా లెక్కపెట్టి, ఆ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, నాలుగుసార్లు వెళ్తే చాలు. రక్తం వచ్చిన గాయానికి దాంతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే టీకా పనిచేసేలోగా కాపాడే మందు, కూడా వేయాలి, డాక్టర్ని నువ్వే అడుగు, రద్దీలో మర్చిపోతే నష్టం నీకే. కుక్కని పది రోజులు గమనించమంటారు, నిజమే, కానీ అది గమనించుకుంటూ టీకా మానేయమని కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. అమ్మకి చెప్పెయ్. ఆ టెన్షన్ ఒక పూటది.

ఇంకోటి, ఆ బిస్కెట్లు మానెయ్. పంచదార, మైదా తప్ప అందులో ఏమీ లేదు, మెస్‌లో మిగిలిన పెరుగన్నం నయం.

ప్రశ్న: మా ఎదురింటాయన కుక్కల మీద మరిగే నీళ్లు పోస్తున్నాడు. ఒకదానికి వీపంతా చర్మం ఊడిపోయింది. కేసు పెడితే నిలుస్తుందా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నిలుస్తుంది. అయితే ఏ చట్టం కింద పెడుతున్నారన్నది చూసుకోవాలి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది, మొదటి తప్పుకి అందులో జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. సున్నా ఏమీ మర్చిపోలేదు, నిజంగా అంతే. మా ట్రస్టు తరఫున ఒకసారి స్టేషన్‌కి వెళ్తే రైటర్ గారు "దీనికన్నా మీ ఆటో ఖర్చే ఎక్కువ కదమ్మా" అన్నారు. అందుకని ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కూడా రాయండి. జంతువుని చంపినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. వీడియో, తేదీ, గాయం వేడినీళ్లదేనని పశువైద్యుడు రాసిచ్చిన కాగితం, ఈ మూడూ ఉంటే పోలీసులు కాదనడం కష్టం.

కానీ కాగితం పట్టుకెళ్లే ముందు ఒక్కసారి ఆయనతో మాట్లాడారా? మాకు ఇలాంటిదే ఒక కేసు వచ్చింది. వెళ్లి అడిగితే, కుక్కలు రోజూ రాత్రి ఆయన స్కూటర్ సీటు చింపేస్తున్నాయట, మూడు సీట్లు మార్చాడట. పక్కింటివాళ్లు ఆయన గుమ్మం ముందే అన్నం పెట్టేవాళ్లు, తిన్నాక అవి అక్కడే పడుకునేవి. అన్నం పెట్టే చోటు వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ అవతలికి మార్పించాం, గొడవ సద్దుమణిగింది. 2023 నియమాల్లోనూ ఉంది, తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే దగ్గర, మెట్ల దగ్గర, రాకపోకల దారిలో ఉండకూడదని. కుక్కల్ని ప్రేమించేవాళ్లం ఈ ముక్క చదవం. మీ కుక్కకి వీపు ఊడిందన్నారు కాబట్టి మాటల దశ దాటిపోయింది, కేసు పెట్టండి. ముందు ఆ పుండు మీద ఈగలు వాలకుండా చూడండి. పురుగు పట్టిందంటే పెట్రోలు, కిరసనాయిలు పోయకండి, పశువుల మందుల షాపులో పురుగుల స్ప్రే అంటే ఇస్తారు.

ప్రశ్న: కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఆవులు ప్లాస్టిక్ తింటున్నాయి. సంస్థలవాళ్లు చూస్తూ ఊరుకుంటారా?
– ఒక వ్యాపారి, వన్‌టౌన్

జవాబు: ఆ ఆవులకి యజమానులున్నారండీ. పొద్దున పాలు పిండుకుని వదిలేస్తారు, సాయంత్రం అవే ఇల్లు చేరతాయి. మేం పట్టుకెళ్తే దొంగతనం అంటారు. చచ్చిపోతే మాత్రం ఫోన్ మాకే వస్తుంది.

ఒకసారి ఆపరేషన్ దగ్గరుండి చూశాను. ఆవుని నిలబెట్టే, మత్తు ఇచ్చి ఎడమ డొక్క కోశారు. పెద్ద పొట్టలోంచి డాక్టర్ గారు మోచేతి దాకా చెయ్యి పెట్టి తీస్తుంటే మొదట తాడు అనుకున్నాం, కవర్లు. ఒకదాంట్లో ఒకటి మెలిపడి తాడులా అయిపోయాయి. బస్తా కుట్టే దారం, టెంకాయ పీచు, మూతి ముడి అలాగే ఉన్న ఒక సాంబారు కవరు. ఆ ముడి చూశాక నాకు కొన్నాళ్లు సాంబారు సయించలేదు. ఆవు నమిలి తినదు, ముందు మింగేసి తర్వాత నెమరేస్తుంది, కవరు నెమరుకి రాదు, కిందకీ పోదు. పొట్ట నిండినట్టు ఉంటుంది, మేత మానేస్తుంది, పైకి కడుపుతో ఉందనుకుంటారు.

మీరు వ్యాపారి కాబట్టి చెబుతున్నా, కుళ్లిన కూరగాయలు కవర్లో వేసి మూతి ముడి వేయకండి. విడిగా కింద పోయండి. ఆవుకి కవరు మీద మోజు లేదు, లోపలున్న తోటకూర కోసమే.

ప్రశ్న: పాప పుట్టినరోజుకి ఏటా అనాథాశ్రమంలో భోజనాలు పెట్టిస్తాం. ఈసారి జంతువులకి ఇద్దామనుకుంటున్నాం. ఏమివ్వాలి? డబ్బు ఇస్తే సరిగా వాడతారా?
– భవానీపురం

జవాబు: సరిగా వాడతారో లేదో అడిగి తెలుసుకోండి, అడిగితే ముఖం చిట్లించే చోట ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ ఉందా, పన్ను మినహాయింపుకి రసీదు ఇస్తారా, పోయిన ఏడాది ఆడిట్ చూపిస్తారా. అన్నిటికంటే పెద్ద ఆడిట్ చెప్పకుండా వెళ్లడం. నీళ్ల గిన్నెల్లో నాచు ఉందా, వాసన ఎలా ఉంది, కుక్కలు మనిషిని చూసి దగ్గరికొస్తున్నాయా, మూలకి పోతున్నాయా. మూలకి పోతుంటే వెనక్కి వచ్చేయండి.

వస్తువులైతే నూకల బస్తా, పాత దుప్పట్లు, గోనెసంచులు, పాత పేపర్లు, బ్లీచింగ్ పౌడర్. కేకు వద్దు. పాపని తీసుకురండి, కానీ చాక్లెట్లు జేబులో వద్దు, కుక్కకి చాక్లెట్ విషం. ఫొటో ఒకటి తీసుకోండి, ఎవరూ కాదనరు, తీసుకున్నాక ఒక గిన్నె కడిగి వెళ్లండి.

ప్రశ్న: రామచిలకని పంజరంలో పెంచుకోవచ్చా? మా తాతగారి నుంచి ఉన్న అలవాటు.
– తెనాలి

జవాబు: కూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. తాతగారికి మినహాయింపు లేదు. చాలాకాలంగా పంజరంలో ఉన్నదాన్ని ఉన్నపళాన ఎగరేయకండి, కాకులు పొడిచేస్తాయి, అటవీశాఖవాళ్లకి అప్పగించండి.

ప్రశ్న: ఇది ప్రశ్నో కాదో తెలియదు. బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు మా టామీని గొలుసుతో కట్టేసి ఉండగానే పడవ ఎక్కాం. గంటలో వచ్చి తీసుకెళ్దాం అనుకున్నాం. నాలుగు రోజులకి గానీ ఇంటికి వెళ్లలేకపోయాం. మా అబ్బాయి ఇప్పటికీ నాతో ఆ మాట ఎత్తడు. మళ్లీ కుక్కని తెచ్చుకునే హక్కు మాకుందా?
– అజిత్‌సింగ్‌నగర్

జవాబు: 2024 సెప్టెంబరు 1, ఆదివారం. అటు కృష్ణకి ప్రకాశం బ్యారేజీ దగ్గర మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, ఇటు ఇళ్లలోకి బుడమేరు. మీకు ఆలోచించే టైమ్ ఎవరు ఇచ్చారమ్మా. పడవల్లో మనుషులకే చోటు లేదు. మేం పాయకాపురం వైపు నడుంలోతు నీళ్లలో వెళ్లాం, మా దగ్గర ఉన్నది అరువు తెచ్చిన లారీ ట్యూబు, రెండు బస్తాల అన్నం. ఒక సన్‌షేడ్ మీద కుక్క, దాని పక్కనే పిల్లి, రెండూ ఒకదాన్ని ఒకటి పట్టించుకోకుండా మావైపే చూస్తున్నాయి. అవి బతికాయి, వాటిని ఎవరూ కట్టేయలేదు కాబట్టి. ఇది మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు, ఈ పేజీ చదివే మిగతావాళ్లకి తెలియాలని: నీళ్లు వస్తున్నాయంటే, తీసుకెళ్లలేకపోతే, గొలుసు విప్పండి, గొడ్డు పలుపు విప్పండి, మేడ మెట్ల తలుపు తీసి పెట్టండి. అవి ఈదుతాయి, ఎక్కుతాయి.

హక్కు సంగతి నేను చెప్పేది కాదు. మా దగ్గర ఒక ఆడకుక్క ఉంది, నాలుగేళ్లుంటాయి, ఆపరేషన్ అయింది, ఒక కన్ను లేదు, దాన్ని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. గొలుసు కట్టకుండా పెంచుతానంటేనే ఇస్తాం, ఇది అందరికీ పెట్టే షరతే. ఆదివారం పదకొండు లోపు రండి, ఆ తర్వాత ఎండకి అవి లేవవు. అబ్బాయిని కూడా తీసుకురండి. పాత బట్టలు వేసుకుని రండి, మీదకి దూకుతుంది.